ఒక్క గది, ఒక్క ఫోను

కోవిడ్ వేళ బడులు మూతపడగా 2020 సెప్టెంబరు 1వ తేదీన తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానెళ్ల ద్వారా డిజిటల్ పాఠములు మొదలైననాటి నుండి గృహమే విద్యాలయమన్న మాట వినుటకు ఇంపుగానే యున్నది గాని, హైదరాబాదు బోరబండలో ఇంటిల్లిపాది మసలెడి ఒక్క గదిలో, కుక్కరు కూతల నడుమ, చెవులలో ఇయర్‌ఫోన్లు దోపుకొని, బియ్యపు డబ్బాకు ఆనించిన ఫోనులో జావా పాఠము వినుచున్న పిల్లవానికి ఏకాగ్రత లేదని నిందించుట ఎంతమాత్రమును న్యాయము కాదు. పైగా నేర్చుటకు తోడును కావలెను; సాఫ్ట్‌వేర్ శిక్షణ కేంద్రములుండెడి అమీర్‌పేట మైత్రీవనము చెంత ఎందరో యువకులు తరగతిలో నేర్చినదానికంటె టీకొట్టు కడ స్నేహితుల నోట విన్న ఇంటర్వ్యూ ప్రశ్నల వలననే ఉద్యోగములు సంపాదించిరని నా నమ్మకము (సమోసాలు అదనము). ఆ సాంగత్యమును ఏ యాప్ ఈయగలదు? కావున బస్తీ పెద్దలారా, సాయంకాలము రెండు గంటలు కమ్యూనిటీ హాలు తాళము తీసి, ఈ పిల్లలకు ఇంత నిశ్శబ్దమును, వైఫైని కల్పింపుడు. మార్కులకన్న ముందు, రాత్రి నిద్రపట్టినదా యని వారిని అడుగుడు.