చేపల మేత, వంటింటి తొక్కలు

తార్నాకలోని మా యింటికి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణ దూరము కాదు. సాయంకాలములందు ఆ చెట్లనీడల నడచి, ఆర్ట్సు కళాశాల మెట్లపై కొంతసేపు కూర్చుండుట నాకును మా అమ్మాయికిని వాడుక. అక్కడనే యొకనాడామె, "అమ్మా, వంటింటి తొక్కలన్నియు నాకిత్తువా? పురుగులను పెంచెదను" అనెను. జంతుశాస్త్రము చదువుచున్న పిల్ల గదా యని నవ్వితిని. "మామయ్య రొయ్యల కొరకు" అనగానే నా నవ్వు పోయినది.

మా తమ్మునికి కైకలూరు చేరువ రెండు చెరువులు గలవు. ఒకదానిలో బొచ్చెయు శీలావతియు, రెండవదానిలో రొయ్యలు. పెంపకపు ఖర్చులో సగమునకు పైగా మేతకే పోవును. మేత బాకీ తీర్చుటకై నిరుడు మా మరదలి గొలుసు బ్యాంకులో తాకట్టు పడినది.

బొచ్చెలకు తవుడు, చెక్క చాలును. రొయ్యకు మాంసకృత్తులు హెచ్చుగా కావలెను. అందుచే దాని మేతలో చేపపొడి కలుపుదురు. కవళ్లవంటి చిన్నచేపలను ఉడికించి, పిండి, ఎండించి పొడిచేయుదురు. కిలో పొడికి నాలుగైదు కిలోల పచ్చిచేప పట్టును. బీదయింటి పులుసులోనికి రావలసిన చేప రొయ్యకడుపున పడుచున్నదన్నమాట! 1972లో పెరూ తీరమున సముద్రము వేడెక్కి, మితిమీరిన వేటయు తోడై, అక్కడి నెత్తళ్లజాతి చేపలు క్షీణింపగా లోకమంతట మేతధరలు మండినవి.

"వేరుసెనగచెక్కయే వేయరాదా?" యంటిని. తేమ తగిలిన చెక్కకు బూజు పట్టుననియు, అందు అఫ్లాటాక్సినను విషము పుట్టుననియు, 1960లో ఇంగ్లండున అట్టి చెక్క తిని సుమారు లక్ష టర్కీకోళ్లు చచ్చినవనియు చెప్పెను. సోయాలో మితియోనిను తక్కువ. మనము అన్నమున పప్పు కలుపుకొన్నట్లు, ఒకదాని లోటు మరియొకదానితో పూడ్చవలెనట. ఇది మాత్రము నాకు వెంటనే తెలిసినది.

ఆమె పెంచదలచినది బ్లాక్ సోల్జర్ ఫ్లై యను ఈగ పురుగు. మేము దానిని నల్లసిపాయి యంటిమి. రెక్కలు వచ్చిన పిదప అది మన అన్నముపై వ్రాలదు. పురుగుగా నున్న రెండు మూడు వారములును తొక్కలు తిని బలియును. ఎండిన పురుగులో నూటికి 40 వంతుల వరకు మాంసకృత్తులుండును. ఐరోపా కూటమి 2017లో చేపల మేతకు ఇట్టి పురుగుల పొడి ననుమతించినది.

మొదటి తొట్టిని నేనే పాడుచేసితిని. మిగిలిన మజ్జిగ పోయగా తేమ హెచ్చి పురుగులన్నియు చచ్చినవి. దుర్గంధమునకు అత్తగారు రెండుదినములు పెరటివాకిలి తెరువనీయలేదు. అమ్మాయి నన్నొక్కమాట యనలేదు. అనియున్నను బాగుండెడిది. రెండవమారు నెల తిరుగునప్పటికి అరకిలో ఎండుపురుగులు వచ్చినవి.

అరకిలో! తమ్ముని చెరువునకు బస్తాలు కావలెను. కొనుటకు చూచిన, ఆ పొడి యింకను చేపపొడికంటె ప్రియమే. అయినను వాడు వచ్చినప్పుడు ఆ డబ్బాను పదిలముగా సంచిలో పెట్టుకొనెను. మరదలు మాత్రము, "వదినా, పురుగు తిన్నదానిని మనము తినగలమా?" యని ముఖము ముడిచినది. "చెరువులోని చేప నిన్నడిగియా పురుగును తినుచున్నది?" యంటిని. ఆమె నవ్వినది, చేయి మాత్రము అలవాటుగా బోసిమెడపైకి పోయినది.

నిన్న అమ్మాయి ప్రక్కయింటివారి తొక్కలు కూడ అడిగి తెచ్చినది.