అయిదు దినముల పరీక్ష

మన పాఠశాల పత్రికకు ఒక వ్యాసము వ్రాసి పంపుమని మా పూర్వపు ఉపాధ్యాయులవారు కోరినప్పుడు, ఏ విషయమును గూర్చి వ్రాయుదుమా యని కొంత తడవు ఆలోచించితిమి. మేము గొప్ప పనులేవియు చేసినవారము కాము. హోసూరు ప్రాంతమున తెలుగు మాధ్యమమున పదవ తరగతి ముగించి, బర్గూరులోని ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలలో పట్టము పుచ్చుకొని, ఒక ఉద్యోగమునకై అయిదు దినములు పరీక్షింపబడి, ఓడి యింటికి వచ్చినవారము. గెలిచినవారి కథలను మీరు తఱచుగా వినుచునే యుందురు. ఓడినవాని కథ వలన గూడ కొంత ప్రయోజనము కలుగునని తలచి దీనిని వ్రాయుచున్నాము.

అది 2016వ సంవత్సరము. ఇంజనీరింగు పట్టభద్రులను సైన్యమున అధికారులుగా తీసికొనుటకు టెక్నికల్ గ్రాడ్యుయేట్ కోర్సు అనునది యొకటి కలదు. దీనికి వ్రాతపరీక్ష లేదు. పట్టపరీక్షలోని మార్కులను బట్టి కొందఱిని ఏఱి, సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు ఎదుటికి పిలుతురు. మాకు బెంగుళూరునకు రమ్మని పిలుపు వచ్చెను. హోసూరు నుండి బెంగుళూరు 40 కిలోమీటర్లే యైనను, ఆ దినము మాకు అది సముద్రము దాటి పోవునంత దూరముగా తోచెను. అమ్మ నిప్పట్లు మూటగట్టి యిచ్చెను. నాయన బస్సు కదలువఱకు నిలిచి, ఏమియు అనక, చేయి యెత్తెను.

ఒక ఉద్యోగమునకు అయిదు దినములేల యని మీరు అడుగవచ్చును. పూర్వము బ్రిటనులో సైన్యాధికారులను కొద్దిసేపు మాటలాడించి, వారి కుటుంబమును, వారు చదివిన పాఠశాలను చూచి ఎన్నుకొనుచుండిరి. రెండవ ప్రపంచయుద్ధమున ఈ పద్ధతి చాలదని తేలెను. అందువలన 1942లో, అభ్యర్థులను కొన్ని దినములు ఒకచోట ఉంచి, మనస్తత్వ శాస్త్రజ్ఞులచేతను సైనికాధికారులచేతను పరీక్షింపజేయు మండలులను ఏర్పాటు చేసిరి. మఱుసటి యేడు ఆ పద్ధతి మన దేశమునకు వచ్చెను. ఏ బడిలో చదివితివి అనునదానికంటె, ఏమి చేయగలవు అనునది ముఖ్యమని దీని సారము. ఈ సంగతి మాకు అప్పుడు తెలిసియుండిన ఎంత మేలై యుండెడిదో!

అక్కడ మా పేర్లు పోయి సంఖ్యలు వచ్చెను. ఎదపైనను వీపుపైనను సంఖ్యగల వస్త్రమును తొడిగిరి. మొదటి దినమున బుద్ధిపరీక్ష ముగిసిన పిమ్మట, మసకగానున్న ఒక బొమ్మను 30 సెకండ్లు చూపి, దానినిబట్టి కథ వ్రాయుమనిరి. తరువాత గుంపుగా కూర్చుండి, ఒక్కొక్కరు ఒక్క నిముసములో తమ కథను చెప్పి, అందఱును కలిసి ఒక కథను కుదుర్చుకొనవలెను. ఆ సాయంకాలమునకే సగమునకు పైగా అభ్యర్థులు పెట్టెలు సర్దుకొనిరి. మేము నిలిచితిమి.

ఆ పిమ్మట మా వివరములు వ్రాయు పత్రము నిచ్చిరి. అందు 'బోధనా మాధ్యమము' అని యొక గడి కలదు. ప్రక్కనున్న అభ్యర్థి మెల్లగా, "ఇంగ్లీషని వ్రాయుము, ఎవరు చూతురు?" అనెను. కలము ఒక క్షణము ఆగినమాట నిజము. పిదప తెలుగు అనియే వ్రాసితిమి. ధైర్యముచేత కాదు, అబద్ధమాడి దానిని అయిదు దినములు మోయలేమని భయముచేత.

రెండవ దినము మనస్తత్వ పరీక్షలు. తెరపై ఒక్కొక్క ఇంగ్లీషు మాట కనబడును. 15 సెకండ్లలో తోచిన వాక్యమును వ్రాయవలెను. అట్టి మాటలు 60. మొదటి ఇరువదింటికి, తెలుగున తోచినదానిని ఇంగ్లీషునకు మార్చుటలోనే గడువు తీరిపోయెను. అంతట పెద్ద వాక్యముల ఆశ వదలి, మూడు నాలుగు మాటల వాక్యములు వ్రాయ మొదలిడితిమి. పని సాగెను. తరువాత 30 నిముసములలో 60 చిక్కు సందర్భములకు జవాబులు వ్రాయవలసి వచ్చెను. కడపట, నీ తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, మిత్రులు నిన్ను గూర్చి ఏమనుకొందురో వ్రాయుమనిరి. చేయి తీపులెత్తెను.

మూడవ దినము బృందచర్చ. ఇక్కడనే మేము చెడితిమి. చెప్పవలసినది మనసున నుండెను. కాని వాక్యమును తప్పులేకుండ కూర్చుకొనునంతలో ఇంకొకరు ఆ మాటనే చెప్పివేయుచుండిరి. చర్చ ముగియువఱకు మేము నోరు తెఱచినది రెండు మారులు.

మైదానములో మాత్రము వేఱుగా నుండెను. ఒక పలక, ఒక దుంగ, ఒక త్రాడు ఇచ్చి, ఎఱ్ఱరంగు పూసిన చోట్లు తగులకుండ గుంపంతయు అవతలికి దాటవలెననిరి. దుంగ జారిపోవుచుండెను. గడ్డిబండికి మోకు బిగించునప్పుడు మా నాయన వేయు ముడిని వేసితిమి. అది కదలలేదు. అందఱును దానిమీదుగా దాటిరి.

నాల్గవ దినము, నాలుగు విషయములు వ్రాసిన చీటి నిచ్చి, మూడు నిముసములు ఆలోచించి మూడు నిముసములు ఉపన్యసింపుమనిరి. మేము నీటి సంరక్షణను ఎన్నుకొని, మా యూరి చెఱువును గూర్చి చెప్పితిమి. నడుమ తూమును ఇంగ్లీషున ఏమందురో తోచలేదు. నోరు ఎండిపోయెను. తుదకు, "చెఱువుకట్టలో పొలమునకు నీరు వదలు దారి. మా భాషలో దానిని తూము అందుము" అని చెప్పి ముందునకు సాగితిమి. ఎవరును నవ్వలేదు. నవ్వుదురని తలచినది మేమే.

ఆ సాయంకాలమే ముఖాముఖి. అధికారి మా పత్రమును చూచి, "తమిళనాడులో తెలుగు బడియా?" అని యడిగెను. 1956లో భాషలనుబట్టి రాష్ట్రములు ఏర్పడినప్పుడు మా సీమ మద్రాసు రాష్ట్రమున నిలిచెననియు, మా సంతలో తెలుగు, కన్నడము, తమిళము మూడును వినబడుననియు చెప్పితిమి. దక్షిణ పినాకిని ఎక్కడ పుట్టుననెను. నంది కొండలలో పుట్టి, మా కెలవరపల్లి జలాశయము మీదుగా పోయి, కడలూరు చెంత సముద్రమున కలియునంటిమి. మీ ప్రాంతపు ప్రముఖుడెవరనెను. 1878లో తొరపల్లిలో పుట్టి, హోసూరులో చదివి, స్వతంత్ర భారతమునకు గవర్నరు జనరలైన రాజాజీ పేరు చెప్పితిమి. అప్పుడాయన, "మీకు నాలుగు భాషలు వచ్చును గదా. ఇది మీకు బలమా, బరువా?" అని యడిగెను.

మేము తడబడి, "క్షమింపుడు, నా ఇంగ్లీషు అంత బాగుండదు" అంటిమి.

ఆయన కలము క్రింద పెట్టి, "నేను మీ ఇంగ్లీషును గూర్చి అడుగలేదు" అనెను.

ఆ మాట నేటికిని మా చెవులలో నున్నది.

అయిదవ దినము అధికారులందఱును కూడిన సభ. ఒక్కొక్కరిని లోనికి పిలిచి రెండు మాటలడిగి పంపిరి. తరువాత ఎంపికైన సంఖ్యలను చదివిరి. అందు మాది లేదు. కారణమును ఎవరును చెప్పలేదు.

రాత్రి ఇల్లు చేరితిమి. నాయన అరుగుమీద కూర్చుండి యుండెను.

"ఏమప్పా, ఏమాయె?"

"కాలేదు నాయనా."

కొంతసేపు మాటలేదు. పిదప, "అయిదు దినాలు కూడు పెట్టి, రానుపోను చార్జీ ఇచ్చి, నీకాడ ఏముందో ఏం లేదో చూపించి పంపినారు. ఊరికే పోలేదులే. లేచి కాళ్లు కడుక్కో" అనెను.

ఆరు మాసములకు హోసూరులోనే ఒక కర్మాగారమున రెండు దినముల ఎంపికకు పోయితిమి. ఈ నడుమ ప్రతి దినము ఒక గంట, తప్పులను లెక్కింపక, ఇంగ్లీషున బిగ్గరగా మాటలాడుట అలవాటు చేసికొంటిమి. అక్కడ బృందచర్చలో మూడవవారుగా మాటలాడితిమి. తప్పులు దొరలెను, ఆగలేదు. రెండవ దినము యంత్రశాలలో త్రిప్పుచు, "ఇచ్చట పనివారు మూడు భాషలవారు. వారి నడుమ మాట కుదురకున్న ఏమి చేయుదురు?" అని యడిగిరి. బెంగుళూరులో జవాబు చెప్పలేక విడిచిన ప్రశ్నయే మరల వచ్చినట్లుండెను. "ముగ్గురితోను వారి వారి భాషలో మాటలాడుదును" అంటిమి. ఉద్యోగము దొరకెను.

ఇప్పుడు అప్పుడప్పుడు మేము ప్రశ్నలడుగువారి వైపున కూర్చుండుచున్నాము. హోసూరు, కృష్ణగిరి పల్లెలనుండి వచ్చు పిల్లలు కొందఱు, అడుగకమునుపే, "నాది తెలుగు మాధ్యమమండీ" అని తల వంచుకొందురు. ఆ తలను చూచినప్పుడెల్ల ఆ అధికారి మాట మాకు జ్ఞప్తికి వచ్చును.

తల్లిదండ్రులారా, తెలుగు బడిలో చేర్చిన బిడ్డ వెనుకబడునేమో యని మీరు దిగులుపడుట మాకు తెలియును. ఇంగ్లీషు అక్కరలేదని మేము అనము. కావలెను, శ్రమించి నేర్వవలెను. అది అభ్యాసముచేత వచ్చును. కాని, ఇంటి భాషను చూచి సిగ్గుపడుమని బిడ్డకు ఒకమారు నేర్పితిమా, దానిని మాన్పుట కష్టము.

విద్యార్థులారా, రేపు మిమ్ములను ఎవరైన మీకు తెలిసినదానిని అడిగినప్పుడు, తెలియనిదానికి క్షమాపణ చెప్పకుడు. వచ్చిన మాటలలో జవాబు చెప్పుడు. తూమునకు ఇంగ్లీషు మాట ఆ దినముననే నిఘంటువులో చూచుకొనవచ్చును. మేము అట్లే చూచుకొంటిమి.