బీచ్ రోడ్డులో బఠానీగాడి నమస్తే

వైజాగ్ బీచ్ రోడ్డు అనగానే అందరికీ సాయంత్రాలే గుర్తొస్తాయి. మురీ మిక్చర్, మొక్కజొన్న పొత్తులు, సెల్ఫీలు, ట్రాఫిక్. నన్నడిగితే ఈ రోడ్డు అసలు అందం పొద్దున్న ఐదున్నరకి. ఆ టైమ్‌లో రోడ్డులో చాలా భాగం బళ్లకి మూసేస్తారు. హారన్ ఉండదు. అలల చప్పుడు, వాకింగ్ షూల చప్పుడు, ఎక్కడో లాఫింగ్ క్లబ్ వాళ్ల నవ్వులు. ఊళ్లో పెద్దవాళ్లంతా ఇక్కడికే వచ్చేశారా అనిపిస్తుంది.

ఆ పెద్దవాళ్ల మధ్యలోంచే నేనూ, మా బఠానీ రోజూ నడుస్తాం. బఠానీ అంటే మా జాక్ రసెల్ టెర్రియర్. ఏడాదిన్నర వయసు, ఆరు కిలోల బరువు, స్ప్రింగులు బిగించినట్టుండే నాలుగు కాళ్లు. మనిషి కనిపిస్తే చాలు, ఎగిరి మోకాళ్ల మీద పడేవాడు. వాడి లెక్కలో అది నమస్తే.

ఆ నమస్తేని మార్చి తీరాల్సిన పని ఈ ఏడాది పడింది. మా అమ్మమ్మకి 78 ఏళ్లు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. ఆరు వారాల్లో మా ఇంటికి వస్తుంది, వాకర్‌తో నడుస్తుంది. "ఇంకోసారి పడకుండా చూసుకోండి" అని డాక్టర్ గట్టిగా చెప్పారు. ఆరు కిలోలు మనకి లెక్క కాదు. వాకర్ పట్టుకుని ఒక కాలు ఎత్తిన మనిషికి అది చాలా ఎక్కువ.

అమ్మమ్మ ఒక్కతే కాదు. కుక్క గోరు కాస్త గీరుకున్నా, సబ్బునీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. రేబిస్ విషయంలో రిస్క్ తీసుకోకూడదు. బఠానీకి టీకాలన్నీ వేయించాం. కానీ ఎదురుగా వచ్చే మనిషికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

అసలు వీడి తప్పేం లేదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతంలో జాన్ రసెల్ అనే చర్చి పాస్టర్ నక్కల వేట కోసం పెంచిన కుక్కల నుంచి వచ్చిన జాతి ఇది. టెర్రియర్ అనే మాటకి మూలం లాటిన్‌లో నేల అనే అర్థమున్న 'టెర్రా'. బొరియలోకి దూరి నక్కని బయటికి తరమడం వీళ్ల ఉద్యోగం. బుద్ధిగా కూర్చోవడం వీడి రెజ్యూమేలో లేని స్కిల్.

ఇంకోటి, కుక్కపిల్లలు తల్లి మూతి నాకి పలకరిస్తాయి. మన మూతేమో ఐదడుగుల ఎత్తులో ఉంటుంది. అందుకే ఎగురుతాయి. అప్పుడు మనం చేతులతో తోస్తాం, "వద్దురా" అని అరుస్తాం. అంటే వాడిని చూశాం, ముట్టుకున్నాం, మాట్లాడాం. వాడికి కావాల్సింది అదే కదా! కాబట్టి మా రూల్ ఒక్కటే. నాలుగు కాళ్లూ నేల మీదుంటేనే పలకరింపు. ఎగిరితే అటు తిరిగిపోవడమే, మాటా ఉండదు, చూపూ ఉండదు.

మొదటి క్లాసు వైఎంసీఏ దగ్గర ఇసుకలో పెట్టాం. మనుషులు దూరంగా కనిపిస్తారు, దగ్గరికి రారు. ఒక మనిషి కనపడగానే బఠానీ కూర్చుంటే, వేలి గోరంత ఉడికించిన చికెన్ ముక్క. అది కూడా చేత్తో పైనుంచి కాదు, నేల మీద పెట్టాలి. పైనుంచి ఇస్తే వాడి కళ్లూ పైకే, కాళ్లూ పైకే. దూరం ముఖ్యం. ముప్ఫై అడుగుల్లో కూర్చోగలిగినవాడు పది అడుగుల్లో కూర్చోలేడు. రోజుకి కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వచ్చాం.

రెండో క్లాసు కురుసుర దగ్గర. ఐఎన్ఎస్ కురుసుర 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరై, మరుసటి ఏడాది నుంచి మ్యూజియంగా ఈ ఒడ్డునే ఉండిపోయిన సబ్‌మెరైన్. తొంభై మీటర్ల పైచిలుకు పొడవు. దానికి ఎదురుగా టీయూ-142 విమానం. టూరిస్టులంతా అక్కడ ఆగుతారు కాబట్టి, కదలకుండా నిలబడ్డ మనుషులు దొరుకుతారు. రోజూ కనిపించే వాకింగ్ అంకుల్స్‌ని అడిగాను. "అంకుల్, చిన్న హెల్ప్. వీడు కూర్చుంటేనే పలకరించండి. లేస్తే వెనక్కి తిరిగి వెళ్లిపోండి." నవ్వుకుంటూనే చేశారు. రెండు రోజుల తర్వాత వాళ్లలో వాళ్లకే పోటీ, ఎవరి ముందు ఎక్కువసేపు కూర్చున్నాడని.

మూడో వారంలో సీన్ రివర్స్. వీడు మునుపటికంటే ఎక్కువ ఎగరడం మొదలుపెట్టాడు. కంగారు పడక్కర్లేదు. లిఫ్టు రాకపోతే మనం ఏం చేస్తాం? బటన్ ఇంకో పదిసార్లు నొక్కుతాం. ఇదీ అంతే. అలవాటైన బటన్ పనిచేయట్లేదని వాడి గొడవ. అప్పుడు మనం లొంగితే కథ మళ్లీ మొదటికొస్తుంది.

లొంగేది మాత్రం ఎక్కువగా జనాలే. "పర్లేదు బాబూ, మాకు కుక్కలంటే ఇష్టమే" అని ఎగిరే బఠానీని ముద్దు చేసేవాళ్లు ఉంటారు. తొమ్మిదిమంది పట్టించుకోకపోయినా పదోవాళ్లు ముద్దు చేస్తే చాలు, ఇక వదలడు. మనం రీల్స్ స్క్రోల్ చేసేది కూడా ఆ పదో మంచి వీడియో కోసమే కదా. అలాంటివాళ్లు కనిపిస్తే లీష్ చిన్నది చేసి, చిరునవ్వుతో పక్కకి తప్పుకోవడమే. కుక్కంటే భయపడి ఆగిపోయేవాళ్లూ ఉంటారు. వాళ్లని పలకరించకుండా దాటి వెళ్లడం కూడా మర్యాదే. అదీ నేర్పాం.

చివరి క్లాసు కాళీమాత గుడి వైపు. గుడికి కాస్త దూరంగా నిలబడతాం. పిల్లలు, చీర కొంగులు, ప్రసాదం వాసన. సిలబస్‌లో కష్టమైన చాప్టర్. బఠానీలమ్మే ఆవిడ వీడి పేరు విని, "ఏటి బాబూ, నా సరుకు పేరెట్టినావేటి?" అని ఒకటే నవ్వు. వాడు కూర్చునే ఉన్నాడు, తోకతో నేల ఊడుస్తూ.

ఇంట్లో ఇంకో ప్రాక్టీసు. ఒక వాకర్ అద్దెకి తెచ్చి, అమ్మ దాన్ని టక్ టక్‌మని నడిపిస్తుంటే వాడికి చికెన్ ముక్కలు. ఆ చప్పుడంటే కూర్చోవాలని తెలియాలి.

అమ్మమ్మ వచ్చిన రోజు లీష్ నా చేతిలోనే ఉంది. వాకర్ చప్పుడు వినగానే వాడి ఒళ్లంతా వణికింది. కానీ పిర్ర నేలకి ఆనించాడు. అమ్మమ్మ వాకర్ ఆపి, ముందు కుర్చీలో కూర్చుని, అప్పుడు చెయ్యి చాపింది. "ఒరే బఠానీ, బుద్ధిమంతుడివైపోయావురా!" వాడు ఆ చెయ్యి నాకాడు, అంతే. ఇప్పటికీ ఆవిడ నడుస్తున్నంతసేపూ లీష్ ఎవరో ఒకరి చేతిలో ఉండాల్సిందే. ట్రైనింగ్ మీద నమ్మకం ఉంది, కానీ ఆ తుంటి మీద ప్రయోగాలు చేయలేం.

ఇప్పుడు ఆదివారాలు రోడ్డు తెరిచాక ఆటోలో అమ్మమ్మని కూడా తీసుకొస్తున్నాం. బెంచీ మీద కూర్చుని సముద్రం చూస్తుంది. పక్కన వాడు. మీరూ వైజాగ్ వస్తే ఒక పొద్దున్న ఇటు రండి. చెవి మీద గోధుమరంగు మచ్చ ఉన్న బుల్లి తెల్లకుక్క కనిపిస్తే, వెంటనే ముద్దు చేసేయకండి. ఒక్క క్షణం ఆగండి. వాడు కూర్చుంటాడు. అప్పుడు పలకరించండి.