తెర మీది ఎరుపు, కాగితం మీది ఎరుపు

అమరసింహుడు ఎరుపును ఒక్క మాటతో సరిపెట్టలేదు. లేత ఎరుపు అరుణమన్నాడు, తెలుపు కలిసినది పాటలమన్నాడు, ఎర్రతామర వన్నెది శోణమన్నాడు. తెలుగువాడూ తక్కువ తినలేదు. కెంపు, కావి, చెంగావి, జేగురు, ఇటుక రంగు: ఒకదాని చోట మరొకటి పెడితే ఒప్పుకోడు. నిఘంటువులలో చదివి పిల్లలకు చెప్పిన ఈ భేదాలకు కంప్యూటరు తెరకూ ఫొటో కాగితానికీ నడుమ ఇంత పని ఉంటుందని నాకు తెలియజెప్పినది ఒక గోడ.

ఆ గోడ ఇప్పుడు లేదు. కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరులో ఉండేది. 26.85 టీఎంసీల సామర్థ్యం గల గండికోట జలాశయంలో 2020లో నీటిమట్టం పెంచినప్పుడు ఆ ఊరు ముంపులో కలిసింది. నా పూర్వ విద్యార్థి ఒకడు పుట్టి పెరిగిన ఇల్లు అక్కడే. ఊరు ఖాళీ చేయకముందు అతడు ఆ ఇంటి ముంగిలిని ఫొటో తీసుకున్నాడు. వెల్ల వేసిన గోడ, దాని అడుగున మూరెడెత్తు జేగురుమన్ను పట్టె, పసుపు రాసి కుంకుమ పెట్టిన గడప. దానిని పెద్దదిగా అచ్చు వేయించి, కొత్త కాలనీ ఇంట్లో తల్లి కళ్లెదుట పెట్టాలని అతని కోరిక.

అతడి ఉద్యోగం పులివెందులలో. మొదటి అచ్చు అక్కడే వేయించి తల్లికి చూపించాడు. ఆమె కాసేపు చూసి, "ఇది మన గోడ గాదు నాయనా, ఎవురిదో" అన్నదట. అప్పుడు ఆ ఫైలు నా దగ్గరకు వచ్చింది. "అయ్యవారూ, మీ తెర మీద రంగులు సరిగ్గా కనిపిస్తాయి కదా, మీరే చూడండి" అన్నాడు. ప్రొద్దుటూరులో ఒకటి, జమ్మలమడుగులో ఒకటి వేయించాము. ఫైలు ఒకటే, ఊళ్లు మూడు, గోడలూ మూడయ్యాయి. పులివెందుల అచ్చులో వెల్ల నీలి ఛాయకు తిరిగి, జేగురు పాలిపోయింది. జమ్మలమడుగు అచ్చులో అన్ని రంగులూ ఉతికిన బట్టలా వెలిసి ఉన్నాయి. ప్రొద్దుటూరు అచ్చులో ఎరుపు ఎరుపుగానే ఉంది కాని, గోడంతా పొద్దుగూకినట్లు చీకటిగా ఉంది.

నా తెరను మా అబ్బాయి కాలిబ్రేషన్ పరికరం ఆనించి సరిచేసి వెళ్లాడు. కాబట్టి తెర ఒప్పు, కాగితాలన్నీ తప్పు అని తీర్పు చెప్పడం సులభం. అయితే ఆ పరికరం హామీ ఇచ్చేది ఒక్కటే: ఈ తెర మనం కోరిన ప్రమాణానికి ఒదిగింది అని. కాగితం ఏమి చేస్తుందో అది చెప్పదు. తెర స్వయంప్రకాశం, దీపం వంటిది. కాగితం పరప్రకాశం, దాని మీద పడిన వెలుగులో కొంత మింగి కొంత తిప్పి పంపుతుంది. సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ ఒకే త్రాసులో తూచడానికి ముందు ఈ భేదం గుర్తుండాలి.

రోగాలు మూడు గనుక నిదానాలూ మూడు వెదకవలసి వచ్చింది. రంగు మారక చీకటి మాత్రమే పెరిగితే ముందు అనుమానించవలసినది తెర వెలుగును. పగటి వెలుతురుకు అనువుగా నా తెర చదరపు మీటరుకు 200 కాండెలాల వద్ద ఉంది. కాగితంతో పోల్చేటప్పుడు 80 నుంచి 120 చాలు. 100కు దించేసరికి ప్రొద్దుటూరు అచ్చుకూ తెరకూ తగవు ముప్పాతిక తీరిపోయింది.

జమ్మలమడుగు అచ్చు కథ వేరు. కెమెరా ఆ ఫొటోను అడోబీ ఆర్‌జీబీ అనే విశాలమైన వర్ణక్షేత్రంలో రాసింది. అది 1998 నాటిది. లోకంలో ఎక్కువ యంత్రాలు వాడేది 1996లో ప్రతిపాదితమైన ఎస్‌ఆర్‌జీబీ. ఫైలులోని అంకె ఏ భాషలోదో చెప్పే నిఘంటువునే ప్రొఫైల్ అంటారు. ఆ పద్ధతిని నెలకొల్పడానికి 1993లో ఐసీసీ అనే అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. నిఘంటువు విప్పకుండా ఒక భాషలోని మాటను మరో భాషదిగా చదివితే అర్థం పలచబడుతుంది. అక్కడ జరిగినదదే. ఫైలును ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చి ఇస్తే రంగు నిలిచింది.

పులివెందులది అతి మంచితనం. అచ్చు యంత్రం తనంతట తానే ఫొటోను "బాగుచేసింది". చిత్రంలో ఎరుపు పాలు ఎక్కువగా కనబడగానే అది వెలుగు దోషమనుకొని, ఎదురుగా నీలం కలిపింది. మట్టి ఎర్రగా ఉంటుందని యంత్రానికెలా తెలుస్తుంది? "కరెక్షన్ ఏమీ వేయవద్దు, ఉన్నదున్నట్టు వేయండి" అని అడిగితే సరిపోయింది.

ఇక అచ్చును చూసే దీపం సంగతి. అచ్చులను పోల్చడానికి ముద్రణవారు 5000 కెల్విన్ల ప్రమాణపు వెలుగును వాడతారు. మన ఇళ్లలోని ట్యూబులైటుకూ బల్బుకూ ఆ నియమం లేదు. ఒక వెలుగులో ఒకటిగా తోచిన రెండు రంగులు మరో వెలుగులో విడిపోవచ్చు కూడా. ప్రొద్దుటూరు బట్టల అంగళ్లలో చీర కొనే ఆడవాళ్లకు ఈ శాస్త్రం ఎవరూ చెప్పలేదు. అయినా కొంగు పట్టుకొని గడప దగ్గరికి వచ్చి, పగటి వెలుగులో చూసిగాని బేరమాడరు.

ఇవన్నీ చేసినా గడప మీది కుంకుమబొట్టు తెర మీద వెలిగినంతగా కాగితం మీద వెలగదు. ఆ కాగితపు రంగులకు అందే మేర అంతే. కాగితపు ప్రొఫైల్ పెట్టి సాఫ్ట్ ప్రూఫ్ చూస్తే, ఆ బొట్టు ఎంత తగ్గుతుందో అచ్చుకు ముందే తెర చూపుతుంది. ఒక భాషలో ఉన్న ప్రతి మాటా మరొక భాషలో దొరకదని అనువాదం చేసినవారికి చెప్పనక్కరలేదు.

అయినా అసలు ప్రశ్న మిగిలే ఉంది. తెరా కాగితమూ ఒకదానితో ఒకటి రాజీపడినంత మాత్రాన రెండూ గోడతో రాజీపడినట్లా? తెర మూలం కాదు, అదీ ఒక అనువాదమే. మూలం నీళ్ల కింద ఉంది.

మూలంలో ఒక తునక మాత్రం మిగిలింది. ఊరు ఖాళీ చేసేటప్పుడు ఆ ఇంటివారు ద్వారబంధం ఊడదీసి తెచ్చుకున్నారు. దాని కింది అంచున, గోడకు పూసినప్పుడు మెత్తుకున్న జేగురు పెచ్చు వేలెడంత ఉంది. ఒక ఉదయం కాలనీలో, ఇంటి ముందరి నీడలో, అచ్చును ఆ పెచ్చు పక్కన పెట్టి చూశాము. అచ్చులో పసుపు ఛాయ ఒక పిసరు ఎక్కువగా తేలింది. దానిని తగ్గించి మరొకటి వేయించాము. ఈసారి పెచ్చుకూ పట్టెకూ తేడా కంటికి ఆనలేదు.

ఆ అచ్చును తల్లి చేతికిచ్చాము. రంగు బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. గడప పక్కన పట్టె మీద వేలు పెట్టి, "ఈ మూల పెచ్చు ఊడింది చూడు నాయనా, పూయాల పూయాల అనుకుంటానే ఉంటి" అన్నది.