నాంపల్లి టు అబిడ్స్... ఇంటిల్లిపాదీ ఒకే జట్టు!

హైదరాబాద్‌లో పరుగు అనగానే నెక్లెస్ రోడ్డు గుర్తొస్తుంది. ఏటా ఆగస్టులో జరిగే మారథాన్ గుర్తొస్తుంది. నాంపల్లి, అబిడ్స్ అంటే మాత్రం రైలు కూతలు, బట్టల దుకాణాలు, హారన్ల మోత! అక్కడ నడవడమే గగనం, ఇక పరుగెక్కడ అంటారా? వారంలో ఆరు రోజులు నిజమే. ఆదివారం తెల్లవారుజామున మాత్రం ఆ రోడ్లు మరో ఊళ్లోవి. షట్టర్లు దించి ఉంటాయి, ఆటోలవాళ్లు వెనక సీట్లో కునుకు తీస్తుంటారు. తలకు దెబ్బ తగిలి, చావు అంచుదాకా వెళ్లొచ్చిన మనిషిని మధ్యలో ఉంచుకుని ఓ చారిటీ పరుగుకు సిద్ధమవుదామనుకునే కుటుంబానికి ఇంతకంటే మంచి సాధన బాట నగరంలో దొరకడం కష్టం.

మెదడు గాయంతో వచ్చిన చిక్కేమిటంటే, అది బయటికి కనపడదు. కట్టు విప్పేస్తారు. కుట్లు ఊడతాయి. జుట్టు పెరిగి మచ్చను కప్పేస్తుంది. చూడొచ్చిన చుట్టాలు 'బాగానే ఉన్నాడుగా' అని కాఫీ తాగి వెళ్లిపోతారు. ఆ 'బాగానే' వెనక ఏముందో ఇంట్లోవాళ్లకే ఎరుక. పొద్దున తిన్న టిఫినేమిటో గుర్తుండదు. చిన్న చప్పుడుకే చిరాకు. నెమ్మదస్తుడనుకున్నవాడికి ముక్కుమీద కోపం. పది అడుగులు వేస్తే పదిమైళ్లు నడిచినంత అలసట. అలాంటి మనిషికి డాక్టరు రాసిచ్చే మందుబిళ్లలు ఎంత అవసరమో, పక్కన నడిచే నాలుగు కాళ్లూ అంతే అవసరం.

విదేశాల్లో ఈ సంగతి ముందే గ్రహించారు. బ్రిటన్‌లో 'హెడ్‌వే' అనే సంస్థ మెదడు గాయాల బాధితుల కోసమే పనిచేస్తోంది. దానికి నిధులు సేకరించేందుకు పరుగుల్లో పాల్గొనేవాళ్లలో బాధితుల కుటుంబసభ్యులూ ఉంటారు. ఇక అమెరికాలో హోయ్ట్ తండ్రీకొడుకుల కథ తెలియని రన్నర్ ఉండడు. 1962లో పుట్టిన రిక్‌కు ప్రసవ సమయంలో బొడ్డుతాడు మెడకు చుట్టుకుని మెదడుకు ఆక్సిజన్ అందలేదు. చేతులూ కాళ్లూ స్వాధీనంలో లేవు, మాట లేదు. కంప్యూటర్ సాయంతో మాట్లాడేవాడు. 1977లో, ప్రమాదంలో పక్షవాతం వచ్చిన ఓ కాలేజీ ఆటగాడి కోసం ఐదు మైళ్ల పరుగు పెడుతున్నారని తెలిసి, 'మనమూ వెళ్దాం నాన్నా' అని అడిగాడు. తండ్రి డిక్‌కు పరుగు అలవాటే లేదు. అయినా చక్రాల కుర్చీ తోసుకుంటూ పూర్తిచేశాడు. వచ్చిన స్థానం ఆఖరు నుంచి రెండోది! ఆ తర్వాత ఇద్దరూ కలిసి వెయ్యికి పైగా పోటీల్లో పాల్గొన్నారు. ఒక్క బోస్టన్ మారథాన్‌నే 32 సార్లు చేశారు. తండ్రి 2021లో, కొడుకు 2023లో కన్నుమూశారు.

మన దేశంలోనూ ఓ తండ్రి ఉన్నాడు. 2005లో జైపూర్‌లో పోలో ఆడుతూ జోధ్‌పూర్ రాజకుటుంబానికి చెందిన శివరాజ్ సింగ్ పడిపోయి కోమాలోకి వెళ్లారు. తండ్రి గజ్‌సింగ్ కొడుకు పక్కన కూర్చుని ఊరుకోలేదు. రాజమహలున్న తనకే ఇంత కష్టమైతే మామూలు కుటుంబాల మాటేమిటన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది కదా! 2007లో ఇండియన్ హెడ్ ఇంజురీ ఫౌండేషన్ మొదలైంది. పోలో మైదానం దాకా ఎందుకు, మన రోడ్లు చాలవూ? 2022లో దేశంలో హెల్మెట్ లేక ప్రాణాలు పోగొట్టుకున్న ద్విచక్ర వాహనదారులు, వెనక కూర్చున్నవాళ్లు కలిపి 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. బతికి బయటపడి, సగం మనిషిగా ఇంటికి చేరినవాళ్లు ఆ లెక్కలోకి రారు.

సరే, బాట దగ్గరికొద్దాం.

మొదలుపెట్టాల్సింది పబ్లిక్ గార్డెన్స్‌లో. పాతకాలంవాళ్లకు అది బాగ్-ఏ-ఆమ్. శాసనసభను ఆనుకునే ఉన్నా రాజకీయాల వేడి చెట్ల కిందికి రాదు. తెల్లారక ముందే వాకర్లు వచ్చేస్తారు. తెలుపు లాల్చీల పెద్దమనుషులు, బురఖాపైన స్పోర్ట్స్ షూ తొడిగిన అమ్మలు, నవ్వుల క్లబ్బులు. నేల చదును. బండ్లు రావు. తలగాయం నుంచి కోలుకుంటున్నవాళ్లలో చాలామందికి తూలుడు ఉంటుంది, మరికొందరికి ఒకటి రెండుగా కనిపిస్తుంది. వాళ్లకు ఇక్కడే మొదటి నెల. ఒక నియమం మాత్రం మరువరాదు: అలసిపోయాక కూర్చోవడం కాదు, అలసిపోకముందే కూర్చోవాలి. గడియారం చూసుకునే పని ఇంట్లో పిల్లలకు అప్పగిస్తే సరి. వాళ్లకంటే కచ్చితమైన అంపైర్లు ఎక్కడ దొరుకుతారు!

తోట గేటు దాటితే కూతవేటు దూరంలో నాంపల్లి స్టేషన్. 1907 నాటిది. రైల్వే టికెట్ మీద 'హైదరాబాద్ దక్కన్' అని ఉంటుంది గానీ జనానికి నాంపల్లే. గోల్కొండ కాలపు నెక్‌నామ్‌ఖాన్ పేరు మీద నెక్‌నామ్‌పల్లి అయి, నలిగి నలిగి నాంపల్లిగా మిగిలిందంటారు. ఈ పొద్దుటి పూట బేకరీల్లోంచి ఉస్మానియా బిస్కెట్ల వాసన రోడ్డు మీదికి వస్తుంది. అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి రోగుల బలం కోసమే ఈ బిస్కెట్ పుట్టిందని ఓ కథ. నిజమో కాదో గానీ, ఇక్కడ ఓ పరీక్ష దాగుంది. తలకు బలమైన దెబ్బ తగిలితే వాసన చూసే నరాలు తెగిపోవచ్చు. కాలుతున్న వెన్న వాసన అందరికీ తెలుస్తోంది, ఒక్కరికి మాత్రం తెలియట్లేదంటే ఆ మాట డాక్టరుకు చెప్పాల్సిందే. ఇంట్లో గ్యాస్ లీకైనా వాళ్లకు తెలియదు మరి!

స్టేషన్ రోడ్డు పట్టుకుని అబిడ్స్ వైపు కిలోమీటరు పైచిలుకు. అసలు కష్టం ఇక్కడే. టీ కొట్టు దగ్గర ఉర్దూ, లాడ్జి ముందు తెలుగు, పార్సిల్ ఆఫీసు దగ్గర హిందీ, దుకాణం అరుగు మీద మార్వాడీ. నడుస్తూ మాట్లాడటమే దెబ్బతిన్న మెదడుకు రెండు పనులు. ఇన్ని భాషలు చెవిలో పడితే ఇంకేమైనా ఉందా అనిపిస్తుంది. కానీ హైదరాబాద్ నిమ్స్‌లోనే డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో ఓ విశేషం చెప్పింది. రెండు అంతకుమించి భాషలు వచ్చినవాళ్లలో 40 శాతం మందికి ఆలోచనాశక్తి దెబ్బతినలేదు. ఒక్క భాషే వచ్చినవాళ్లలో అది దాదాపు 20 శాతమే! పక్షవాతం వేరు, రోడ్డు ప్రమాదం వేరు. అయినా నాంపల్లి కల్తీ భాషను ఇకమీద తక్కువచేసి మాట్లాడటం కుదరదు.

మాట అంటే గుర్తొచ్చింది. హీరో సాయిధరమ్ తేజ్ 2021 సెప్టెంబరులో బైకు మీంచి పడి, దసరా నాటికి గానీ ఇల్లు చేరలేదు. హెల్మెట్టే కాపాడిందని, కొన్నాళ్లు మాట్లాడటానికీ ఇబ్బందిపడ్డానని ఆయనే చెప్పారు.

అబిడ్స్ పేరు వెనక ఉన్నది ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ అబిడ్ అనే ఆర్మీనియన్. ఆయన పెట్టిన దుకాణం పోయింది, పేరు మిగిలింది. జీపీవో, నెహ్రూ బొమ్మ కూడలి దాటేసరికి ఎండ వస్తుంది, పేవ్‌మెంట్ల మీద ఆదివారపు పాత పుస్తకాలూ పరుచుకుంటాయి. జట్టు కాసేపు ఆగాల్సిన చోటు ఇదే. గాయానికి ముందు చదివిన పుస్తకం అట్ట కనపడితే కొందరికి చిన్ననాటి బడి, పక్క బెంచీ స్నేహితుడు టక్కున గుర్తొస్తారు. నిన్నటిది గుర్తులేకపోయినా ముప్ఫై ఏళ్ల కిందటిది చెక్కుచెదరదు. ఆ ముచ్చట్లు విసుగులేకుండా వినడం తోడొచ్చినవాళ్ల పని. పదోసారి చెప్పినా సరే! జట్టులో అందరికంటే ఎక్కువ అలసిపోయేది నిజానికి ఈ వినేవాళ్లే. ఇంట్లో ఆ బాధ్యత ఎక్కువగా తల్లి మీదో భార్య మీదో పడుతుంది. ఈ ఒక్క పూటైనా ఆమె ముందు నడవాలి, వినే పని వేరొకరు తీసుకోవాలి.

అక్కణ్నుంచి దిగువకు మొజంజాహీ మార్కెట్. 1935 నాటి రాతి కట్టడం. గడియారం గోపురం కింద ఐస్‌క్రీమ్ కొట్లు. పొద్దున్నే ఐస్‌క్రీమా అంటే, పిల్లలు ఎప్పుడు తినరు గనక! మళ్లీ నాంపల్లి వైపు తిరిగితే ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ గోడ. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన నుమాయిష్ 1946లో ఇక్కడికి మారింది. జనవరిలో అయితే ఈ చుట్టుపక్కలకు రాకపోవడమే మేలు. ఆ దీపాలు, ఆ మైకులు, ఆ రద్దీ కోలుకుంటున్న తలకు భరించలేని బరువు.

మొత్తం చుట్టు నాలుగు కిలోమీటర్లు అటూఇటూగా. అసలు పరుగులో 5కె విభాగానికి ఇంకో కిలోమీటరే తక్కువ. మొదటివారమే పూర్తిచేయాలని పట్టుబడితే మాత్రం రెండోవారం ఎవరూ రారు. అదృష్టం ఏమిటంటే 2018 నుంచి ఈ దారి పక్కనే మెట్రో ఉంది. అసెంబ్లీ, నాంపల్లి, గాంధీభవన్... ఎక్కడ కాళ్లు వద్దంటే అక్కడ మెట్లెక్కేయొచ్చు, లిఫ్టూ ఉంది. ఆదివారం పొద్దున కాబట్టి నలుగురూ పక్కపక్కనే కూర్చోవడానికి సీట్లు కూడా దొరుకుతాయి.