పాలకు మాది, పేడకు ఊరిది

రాత్రి పది దాటాక బందరు కోనేరు సెంటర్ వైపు బండి మీద వచ్చేవాడు ముందు గేదెల్ని చూసుకోవాలి, సిగ్నల్ దీపాలు తరవాత. నల్లటి తారు మీద నల్లటి గేదె పడుకుని తీరుబడిగా నెమరేస్తుంటే కంటికి ఆనదు. హెడ్‌లైటు పడ్డాక రెండు కళ్లు మెరుస్తాయి. ఆ మెరుపుకీ బ్రేకు మీద కాలు పడడానికీ మధ్య ఉన్న వ్యవధిలోనే బందరులో చాలామంది మోకాళ్లు పోగొట్టుకున్నారు. పడ్డవాణ్ణి లేపి, నీళ్లు పట్టి, జనం అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఎవరిదయ్యా ఈ గేదె?" ఎవరిదీ కాదు. అదే గేదె తెల్లారి అయిదింటికి ఏ సందులోకి నడిచిపోయి ఏ గుమ్మం ముందు ఆగుతుందో, చెంబు పట్టుకుని లోపల్నుంచి ఎవరొస్తారో ఆ వీధి పిల్లల్ని అడిగినా చెబుతారు. పాలకు మాది, పేడకు ఊరిది.

జంతువుల్ని పెంచేవాళ్ల కోసం రాసిన చట్టాలన్నిటికీ ఒక అమాయకమైన నమ్మకం ఉంది. ప్రతి జంతువుకీ ఒక యజమాని ఉంటాడని, అడిగితే "నాదే" అంటాడని. కృష్ణా డెల్టా దిగువన ఈ నమ్మకం నిలవదు. ఇక్కడ సగం మాత్రమే సొంతమైన జంతువులు ఎక్కువ. ఇంటి ముందు అన్నం తిని వీధిలో పడుకునే కుక్క, వీధిలో మేసి ఇంట్లో పాలిచ్చే గేదె, రెండిళ్లలో రెండు పేర్లతో చలామణీ అయ్యే పిల్లి. అన్నం పెట్టేటప్పుడు "మా టామీ", కరిచినప్పుడు "అబ్బే, అదెక్కడిదో".

ఈ తిరకాసు కొత్తదేమీ కాదు. అచ్చోసిన ఆంబోతు అని ఇప్పుడు మనుషుల్ని తిడుతున్నాం గాని, అసలు ఆంబోతులకు నిజంగానే అచ్చు వేసి వదిలేవారు. చనిపోయినవాళ్ల పేర కొందరు, మొక్కుకుని గుడికి కొందరు. మరి ఆ ఎద్దు ఎవరిది? ఇంగ్లీషు దొరల కోర్టులు దీని మీద తల పట్టుకున్నాయి. కర్మకాండలో భాగంగా వదిలిన ఎద్దును ఎవడో కాజేశాడన్న కేసు 1885లో అలహాబాదు హైకోర్టుకు వచ్చింది. వదిలినవాడు హక్కు వదులుకున్నాడు కనక అది ఎవరి ఆస్తీ కాదని, ఎవరి ఆస్తీ కానిదాన్ని కాజేశాడనడం కుదరదని కోర్టు తేల్చింది. తరవాత కొద్ది కాలానికే మద్రాసు హైకోర్టు ఇంకో దారి పట్టింది: దేవుడికి వదిలిన ఆంబోతు అడవి మృగం కాదు, దాని హక్కులూ బాధ్యతలూ ఆ గుడి ధర్మకర్తవి. కృష్ణా జిల్లా అప్పుడు మద్రాసు కిందే ఉండేది కాబట్టి మన ఆంబోతులకు లెక్కప్రకారం యజమాని దొరికినట్టే. పొలం తొక్కించుకున్న రైతు గుడికి వెళ్లి ధర్మకర్తను నష్టపరిహారం అడిగే ధైర్యం చేశాడా అన్నది వేరే సంగతి.

ఆ ధైర్యం లేనివాళ్లకు బందెలదొడ్డి ఉండేది. డెల్టాలో పెద్దవాళ్లకు ఈ మాట వినగానే ఊరి చివర మొండిగోడలు, తలుపు చెక్కకు వేలాడే తాళం గుర్తొస్తాయి. చేలో పడిన పశువును రైతు పట్టుకుని ఇరవై నాలుగు గంటల్లోపు దొడ్డికి తోలాలి. సొంతదారు వచ్చి బందె, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి. ఏడు రోజులు ఎవరూ రాకపోతే నోటీసు, మళ్లీ ఏడు రోజులు చూసి వేలం. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం రాసిన పద్ధతి ఇది. పశువు అంటే ఏమిటో కూడా చెప్పింది: ఏనుగులు, ఒంటెలు, గేదెలు, గుర్రాలు, గాడిదలు, పందులు, గొర్రెలు, మేకలు. దివిసీమ వరిచేలో ఒంటె పడుతుందని ఎవరూ అనుకోరు గాని, పడితే ఏం చెయ్యాలో మాత్రం నూట యాభై ఏళ్ల కిందటే రాసి పెట్టారు. ఆ వరసలో కుక్క లేదు, పిల్లి లేదు.

కుక్క వంతు ఆలస్యంగా వచ్చింది. 2020 చివర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ పంచాయతీల్లో పెంపుడు కుక్కలకూ పందులకూ లైసెన్సు తప్పనిసరి చేసింది. ఆరోగ్య ధ్రువపత్రం చూపాలి, పంచాయతీ ఇచ్చే టోకెన్ మెడలో కట్టాలి, లేకపోతే 500 రూపాయల జరిమానా, టోకెన్ లేని కుక్కను వీధి కుక్కగా లెక్కగడతారు. అంటే నాగాయలంకలోనో కోడూరులోనో ధాన్యం కళ్లానికి కాపలా పడుకునే ఊరి కుక్కకు కూడా మెడలో బిళ్ల ఉండాలి. అలాంటి బిళ్ల కట్టిన కుక్క ఎక్కడైనా కనిపిస్తే ఫొటో తీసి దాచుకోవచ్చు. 1866లోనే మున్సిపాలిటీ అయిన బందరు, 1937లో అయిన గుడివాడ ఈ విషయంలో పల్లెలకన్నా నాలుగడుగులు ముందున్నాయని చెప్పడానికి వీధుల్లో ఆధారం కనబడదు.

జరిమానాల సంగతీ చూడదగ్గదే. జంతువుకు తిండీ నీళ్లూ పెట్టకపోయినా, పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేసినా, ఎప్పుడూ కట్టేసే కుక్కను తిప్పకుండా ఉంచినా, అవసరం తీరాక వదిలేసినా 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరమే. మొదటిసారి శిక్ష పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా జరిమానా. యాభై రూపాయలకు ఇవాళ బందరు లడ్డూ ఎన్ని వస్తాయో చూసుకుంటే, అరవై ఏళ్లుగా ఆ అంకెను ఎవరూ ఎందుకు ముట్టుకోలేదో ఆశ్చర్యమేస్తుంది. అదే చట్టంలో ఇంకో మాట మాత్రం చాలా ముందుచూపుతో పడింది. బాధ్యత యజమానిది అని ఊరుకోలేదు. జంతువు బాగోగులు చూసే ప్రతివాడిదీ, దాన్ని అదుపులో ఉంచుకున్న ప్రతివాడిదీ అంది. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కూడా ఇదే ధోరణి. మనిషి ప్రాణానికి ముప్పు తేగల జంతువు ఎవరి స్వాధీనంలో ఉందో వాళ్లు తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. కొన్న రసీదు ఎవరి పేరున ఉందని చట్టం అడగదు.

ఇక్కడే గేటుకు వేలాడే రేకు బోర్డు గుర్తుకు రావాలి. "కుక్క ఉన్నది జాగ్రత్త". గుడివాడ ఏలూరు రోడ్డు పక్క సందుల్లో తిరిగితే కుక్క పోయి నాలుగేళ్లయినా బోర్డు తియ్యని ఇళ్లు తగులుతాయి. బోర్డు పెట్టాం కాబట్టి లోపలికొచ్చి కరిపించుకున్నవాడిదే తప్పు అని ఇంటివాళ్ల ధీమా. వకీలు కళ్లతో చూస్తే వ్యవహారం తిరగబడుతుంది: మా కుక్క కరుస్తుందని మాకు ముందే తెలుసు అని ఇంటాయన రంగుతో రాయించి గేటుకు కట్టుకున్నాడు. గ్యాస్ బండ తెచ్చినవాణ్ణీ పాలవాణ్ణీ అది కరిస్తే, తెలియదని చెప్పుకోవడానికి వీల్లేదు.

కరిచాక ఏం చెయ్యాలన్నది చట్టం కంటే ముఖ్యం. కాటు మీద కారం అద్దడం, సున్నం పెట్టడం, నాణెం వేసి కట్టడం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగడం వీటన్నిటికన్నా మేలు, ఖర్చూ లేదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికి బట్టకట్టడం దాదాపు లేదు. అందుకే పూర్వం కరిచినవాణ్ణి ఎంత దూరమైనా తీసుకెళ్లేవారు. 1900లో కసౌలీలో, 1907లో నీలగిరుల్లోని కూనూరులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లు పెట్టారు. కొండ మీదికి వెళ్లి సూదులు పొడిపించుకుని రావాలి. తరవాత ఆ మందు ఊళ్లకే వచ్చింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు అన్న మాటతో ఒక తరం పిల్లల్ని కుక్కల జోలికి పోకుండా పెంచారు. ఆ పాత మందు 2000ల నడుమ పోయింది. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో చెయ్యి మీద చర్మంలోకి ఇచ్చే సన్నని సూది. కరిచిన రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. గాయం లోతైతే దాని చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఎక్కించాలి. పెంచేవాడి బాధ్యత అంతకు ముందే మొదలవుతుంది. ఏటా జూలై 6న, 1885లో పాశ్చర్ మొదటి టీకా వేసిన రోజు గుర్తుగా, పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా టీకాలేస్తారు. ఆ ఉదయం ఆసుపత్రి ముందు పామరేనియన్ని సంచిలో, ల్యాబ్రడార్‌ని ఆటోలో, ఊరకుక్కను జనపతాడుతో లాక్కుంటూ వచ్చిన జనం ఒకే వరసలో నిలబడతారు.

ఊరకుక్క అన్నది తిట్టుగా స్థిరపడిపోయింది గాని విడగొడితే ఊరి కుక్క. ఊరందరిదీ. 2001 నిబంధనల స్థానంలో 2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు తిరిగి తిరిగి ఈ మాటకే చేరాయి: వీధి కుక్కను ఇకమీదట సమాజపు జంతువుగా చూడాలట. పట్టుకుని, పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. 2025 ఆగస్టులో ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమని ఒక సుప్రీం ధర్మాసనం ఆదేశిస్తే, పదకొండు రోజులకే పెద్ద ధర్మాసనం దాన్ని మార్చి పాత పద్ధతినే నిలబెట్టింది. పిచ్చెక్కిన కుక్కలకూ మీదపడే కుక్కలకూ మాత్రం మినహాయింపు. అన్నం పెట్టదలచుకున్నవాళ్లు నిర్ణయించిన చోటే పెట్టాలంది. నవంబరులో మళ్లీ బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో పట్టిన కుక్కల్ని అక్కడ తిరిగి వదలొద్దంది. జాతీయ రహదారుల మీద పశువుల్నీ తొలగించమంది. బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ వంతెన దాకా సాగే 216వ నంబరు రహదారి మీద రాత్రిపూట ప్రయాణించేవాళ్లు ఈ చివరి వాక్యాన్ని రెండుసార్లు చదువుకుని ఉంటారు.

దివి చివరికి పోతే సమస్య రూపం మారుతుంది. హంసలదీవి దాటాక, పాలకాయతిప్ప ఇసుకలో చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, ఒక్కో గూటిలో వంద దాకా. వలలు లాగేవాళ్ల వెంట వెళ్లిన కుక్కకు ఆ గుడ్లు పండగ భోజనం. ముక్కు ఇసుకలో పెట్టి వాసన పట్టి, ముందు కాళ్లతో నాలుగు గీతలు గీస్తే చాలు. అందుకే అటవీశాఖ వాళ్లు గుడ్లు ఏరి తీసుకెళ్లి కంచె లోపల పొదిగిస్తారు. అదే గుడ్డు మనిషి తీస్తే వన్యప్రాణి చట్టం కింద జైలు. పంజరంలో రామచిలుకను పెట్టుకున్నా ఆ 1972 చట్టమే వర్తిస్తుందని వసారాలో "అమ్మా, చుట్టాలొచ్చారు" అనిపించుకుని మురిసే ఇళ్లవాళ్లకు చెబితే నమ్మరు.

డెల్టా మొత్తం మీద ఎవరిదో అనుమానం లేకుండా, కన్నబిడ్డలా పెరిగే జంతువు ఒక్కటే. పందెంకోడి. దానికి బాదంపప్పు, ఉడికించిన గుడ్డు, మటన్ ఖీమా, పొద్దున్నే చెరువులో ఈత, ఒళ్లంతా కాపడం. అంత అపురూపంగా సాకి సంక్రాంతికి కాలికి కత్తి కడతారు. పందెం 1960 చట్టానికీ, 1974 నాటి రాష్ట్ర జూద నిరోధక చట్టానికీ విరుద్ధం. పోలీసు జీపు కనబడగానే అంత గారాబపు కోడీ క్షణంలో ఎవరిదీ కాకుండా పోతుంది.

తుపాను రోజు ఒక్కటీ వేరు. ఏడాదంతా కట్టెయ్యండి, కట్టెయ్యండి అనే సర్కారే ఆ రోజు మైకులో విప్పెయ్యండి అంటుంది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు పదివేలమందికి పైగా మనుషులు పోయారు. గుంజకు కట్టిన పశువు కట్టిన చోటే పోయింది. అప్పట్నుంచి పలుపు కోసి పశువును దాని దారికి వదలడం ఇక్కడ సొంతదారు చెయ్యాల్సిన మొదటి పని. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తీరం దాటబోతోందన్నప్పుడూ చీకటి పడకముందే గేదెల్ని మెరకకు తోలారు.

విప్పిన గేదె ఎటు పోయినా చెవికి పసుప్పచ్చ బిళ్ల ఉంటుంది, దాని మీద పన్నెండు అంకెలు. మామూలు రోజుల్లో ఆ బిళ్లను ఎవరూ చూడరు, పేడ అంటి అంకెలు కనబడవు కూడా. తుపాను నష్టం లెక్క వేరు. కేంద్ర విపత్తు సాయం నిబంధనల్లో పాడి గేదె పోతే 37,500 రూపాయలు, ఇంటికి మూడు దాకా, మేకకు, గొర్రెకు, పందికి 4,000, కోడికి వంద. పందెంకోడికి వేరే గడి లేదు, అదీ వంద రూపాయల కోడే. కుక్కకు అసలు వరసే లేదు. నష్టం రాసుకునే వారంలో పంచాయతీ ఆఫీసు అరుగు మీద మనుషులు బారులు తీరి, చేతిలో కాగితం లేకుండానే ఆ పన్నెండు అంకెలూ గడగడా అప్పజెబుతారు. కార్యదర్శికి "ఎవరిదయ్యా ఈ గేదె" అని అడిగే పని పడదు.