పనిముట్ల బండితో ఎల్లారెడ్డి దారిలో

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. కరీంనగర్, కామారెడ్డి, ఎల్లారెడ్డిలను కలిపే ఈ దారిని కేకేవై రోడ్డంటారు. బస్సెక్కితే పెద్ద ప్రయాణమేమీ కాదు. నేను మాత్రం ఊరూరా ఆగుతూ, పొద్దుగూకిన చోటే మకాం పెడుతూ వెళ్లాను. ఎక్కడా గది అద్దె కట్టలేదు.

నాది వడ్రంగం. దర్వాజలు, కిటికీలు, దేవుడి మందిరాలు చేస్తాను. పాత ట్రాలీ ఆటో ఒకటి కొని, వెనక ఇనుప చట్రం కట్టించి, పైన తాటిపత్రి కప్పించాను. లోపల ఒక పక్క పడక, ఇంకో పక్క పనిముట్ల పెట్టె, మూలకు చిన్న గ్యాస్ పొయ్యి. వెనక డోరు దించితే అదే పని బల్ల.

ఆస్ట్రేలియాలో కారవాన్లు తీసుకొని లోపలి ఎడారి దారుల్లో నెలల తరబడి తిరిగేవాళ్లున్నారు. చాలామంది ఉద్యోగ విరమణ చేసినవాళ్లు. దారి పక్కన పైసా కట్టకుండా రాత్రి ఆగడానికి అక్కడ జాగాలుంటాయి. ఆ ముచ్చట విన్నప్పటి నుంచి నాకు ఒకటే అనిపించేది, మన దగ్గర మాత్రం లేవా అని. గుడి మండపం, రచ్చకట్ట, బడి అరుగు, చెరువు కట్ట మీది మర్రి. బాటసారులు తరతరాలుగా తల వాల్చిన చోట్లు ఇవే. ఈ మధ్య వాటికి రైతువేదికలు, పల్లె ప్రకృతి వనాలు తోడయ్యాయి. వాళ్లు ఊళ్లు చూడడానికి తిరుగుతారు, నేను పని చేసుకుంటూ తిరగాలనుకున్నాను. పల్లెల్లో కర్రపని అయిపోయిందని మా వృత్తివాళ్లే అంటుంటారు. ఆ మాట నేను ఏనాడూ నమ్మలేదు. గడప గడపకూ పోయి చూద్దామనుకున్నాను.

బయలుదేరింది మార్గశిరంలో. కామారెడ్డి సామిల్‌లో ఎండిన తుమ్మ దుంగలు, నల్లమద్ది పలకలు, టేకు ముక్కలు ఏరుకొని బండి నింపుకున్నాను. దారిలో చెట్టు కొట్టే పని పెట్టుకోకూడదు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం సొంత చేనులోని చెట్టుకైనా చాలావరకు అనుమతి కావాలి. పైగా పచ్చి కర్రతో చేసిన పని ఎండాక వంకర పోతుంది. ఎండిన కర్ర వెంట ఉంటే ఏ ఊళ్లోనూ ఎవరి చెట్టు వైపూ చూడనక్కర్లేదు.

మొదటి పని పట్నంలోనే తగిలింది. 2025 ఆగస్టు చివర కురిసిన వానను ఈ జిల్లా మరిచిపోదు. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లు దాటింది. కామారెడ్డిలో కాలనీలకు కాలనీలే మునిగాయి. అలా మునిగిన ఇంట్లో ఒక పెద్దమ్మ నన్ను లోపలికి పిలిచి చూపించింది. పొట్టు అదిమి చేసిన బోర్డు మంచం, అల్మారా నీళ్లు తాగి ఉబ్బి, పొరలు పొరలుగా విడిపోయాయి. వాటిని పారేయడం తప్ప చేయగలిగింది లేదు. అదే ఇంట్లో ఆమె అత్తగారి కాలం నాటి టేకు తలుపు మాత్రం నిలిచింది. నీళ్లకు ఉబ్బి గడపకు పట్టేస్తే, ఎవరో అప్పుడే కింది అంచుకు రంద పట్టించారట. ఇప్పుడు ఆరి, తలుపు తన కొలతకు తాను వచ్చాక కింద వేలు దూరేంత సందు పడింది. తడి కర్రను చెక్కకూడదు. ఆరేదాకా ఆగితే చాలా తలుపులు వాటంతట అవే సర్దుకుంటాయి. నేను కింద టేకు పట్టీ ఒకటి అతికి, కొయ్య మేకులు కొట్టి, అంచు కలిపాను. ఆ వీధిలో అలాంటివే ఇంకా ఎన్నో తలుపులు. వరద వచ్చిన ఊళ్లకు బియ్యం, బట్టలు పంపినట్టే వడ్రంగులను కూడా పంపాలని నాకు గట్టిగా అనిపించింది.

పట్నం దాటితే తాడ్వాయి వైపు రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు. బండి మెల్లగా నడపాల్సిందే. చీకటి పడే వేళకు ఒక ఊళ్లో రైతువేదిక ముందు ఆపాను. 2020 నుంచి రాష్ట్రమంతా 2,601 రైతువేదికలు కట్టారు. మీటింగులున్న రోజు తప్ప వాటి వరండాలు ఖాళీగానే ఉంటాయి. పంచాయతీ కారోబార్ వచ్చి వివరం అడిగాడు. చెప్పాను.

"పండుకో అన్నా, ఎవరేమంటరు. నల్లా గీ పక్కకే ఉంది" అన్నాడు. పోతూ పోతూ మళ్లీ వెనక్కి తిరిగి, "పొద్దుగాల మా బాపు గొడ్డలి పట్టుకొస్తడు, జర సూడు" అన్నాడు.

తెల్లారేసరికి గొడ్డలే కాదు, పారలు, గడ్డపారలు, కొడవళ్లు వరస కట్టాయి. దుకాణంలో కొన్న కామలు ఏడాది తిరక్కుండా విరుగుతున్నాయని అందరిదీ ఒకే మాట. దానికి కారణం కర్ర జాతి ఒక్కటే కాదు, కోత కూడా. మిషన్ మీద కోసిన కామలో పోగు అడ్డంగా తెగిపోతుంది. దెబ్బ పడ్డప్పుడు ఆ తెగిన చోటే చీలుతుంది. గొడ్డలి కామను పోగు వెంట చీల్చి, బాడిసెతో చెక్కాలి. చిరుమాను దొరికితే అంతకు మించింది లేదు. నా దగ్గర ఉన్న తుమ్మతో చేసిచ్చాను. కామ తల గొడ్డలి కన్నులో దూర్చాక, పైన చీల్చి ఎండు కర్ర ఆప్పు దిగ్గొట్టాలి. ఆ ఆప్పు సరిగ్గా కూర్చుంటే గొడ్డలి తల ఊడదు. ఆ ముసలాయన గొడ్డలిని చేతిలో ఆడించి చూసి, పక్కనున్న దుంగ మీద ఒక్క వేటు వేసి, ఏమీ అనకుండా రుమాల్లోంచి పైసలు తీశాడు. మధ్యాహ్నానికి కారోబార్ ఇంటి నుంచి మక్క గట్క, పచ్చిపులుసు వచ్చాయి.

లింగంపేటలో నాగన్న బావి దగ్గర కాసేపు ఆగాను. కింది నీటి దాకా రాతి మెట్లు, చుట్టూ రాతి కట్టడం. చెత్తతో, పూడికతో నిండిపోయిన ఈ పాత బావిని ఇటీవల శుభ్రం చేసి నిలబెట్టారు. కామారెడ్డికి ఇంకో వైపున్న దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. పాతవాటిని బాగు చేసుకునే బుద్ధి ఈ జిల్లాకు ఉంది. ఆ బుద్ధి ఇంటి మంచం దాకా, నాగలి దాకా కూడా రావాలి.

లింగంపేట, గాంధారి, ఎల్లారెడ్డి చుట్టూ తండాలెక్కువ. మకాం వేయడమంటే ఏమిటో లంబాడీల తాతముత్తాతలకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? వేల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దక్కను పీఠభూమి అంతా నడిచినవాళ్లు వాళ్లు. సైన్యాలకు తిండిగింజలు చేర్చింది వాళ్ల బిడార్లే. రోడ్లు, రైళ్లు వచ్చి ఆ బతుకుతెరువు పోయింది. 1900 ప్రాంతంలో హైదరాబాద్ నుంచి గోదావరి లోయకు వేసిన రైలు మార్గం కామారెడ్డి మీదుగానే పోతుంది. బిడార్లు ఆగిపోయిన చోట తండాలు వెలిశాయి. 2018 చట్టంతో చాలా తండాలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి.

ఒక తండాలో సేవాలాల్ గుడి ముందు బండి పెట్టుకొమ్మన్నారు. ఒక అక్క నులక మంచం తెచ్చి దింపింది. కోడు చీలింది. "మా అమ్మ మంచం తమ్మీ, ఇనుప మంచం మీద నాకు నిద్ర పట్టదు" అంది. ఆ పాత మంచం చేసిన చేతికి దండం పెట్టాలి. ఒక్క మేకు లేదు. కోడుకు రెండు పక్కలా బెజ్జాలు తొలుస్తాం. నిలువు పట్టెకు ఒకటి, అడ్డ పట్టెకు ఒకటి. రెండూ ఒకే ఎత్తులో ఉంటే లోపల కలిసి కోడు బలం పోతుంది. అందుకే ఒకటి కాస్త పైకి, ఒకటి కాస్త కిందికి. నులక బిగించే కొద్దీ పట్టెలు కోళ్లలోకి గుంజుకొని కూర్చుంటాయి. మంచం మీద బరువు పడ్డప్పుడల్లా బిగువు పెరుగుతుందే గానీ తగ్గదు. నల్లతుమ్మతో కొత్త కోడు చేసి, పాత మూడింటి నునుపుకు తగ్గట్టు దాన్నీ నున్నగా తీశాను. నులక మళ్లీ బిగించింది ఆమే. బిగించాక మంచం మీద కూర్చొని రెండు చేతులతో పట్టెలు ఊపి చూసుకుంది. మంచం కదల్లేదు.

ఎల్లారెడ్డిలో పెద్ద వడ్లాయన ఒకరిని కలిశాను. ఇంటి ముందు వేపచెట్టు, దాని కింద ఆయన కూర్చునే మొద్దు, గోడకు తగిలించిన బాడిసె. బండి చక్రాలు చేసిన చేతులవి. తుమ్మ కర్రతో ఆకులు, వాటి చుట్టూ వంపు తిరిగిన పూటీలు, మీద ఎర్రగా కాల్చి ఎక్కించే ఇనుప పట్టా. పట్టా వేడి మీద ఉండగానే నీళ్లు పోస్తే అది కుదించుకొని చక్రం మొత్తాన్ని ఒక్కటిగా బిగించేస్తుంది. ట్రాక్టర్లు వచ్చాక ఆ పని పోయింది.

"కల్లం కాడికి పోతే నా వంతు వడ్లు నాకు కొలిచెటోళ్లు బిడ్డా. ఏడాదంతా ఎవరి నాగలి ఇరిగినా నేనే సేయాలె. పైసల లెక్కే లేకుండె" అన్నాడాయన.

కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు. కామారెడ్డి, నిజామాబాద్, జగిత్యాల జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లలో వడ్రంగులూ ఉన్నారు. అక్కడ వాళ్ల పని షట్టరింగ్. కాంక్రీటు పోయడానికి పలకలు కొట్టడం, అది గట్టిపడ్డాక ఊడదీయడం. చక్రం చేసే ఇంట్లో పుట్టినవాడు, కట్టాక మిగలని చెక్కపనికి అంత దూరం పోవడం నాకు కష్టంగా తోచింది. పెద్దాయన ఆ మాట అనలేదు. నెలనెలా పైసలు పంపిస్తాడని మాత్రం చెప్పాడు.

నేను అక్కడ ఉండగానే ఒక రైతు గుంటుక తెచ్చాడు. పత్తి, మక్క సాళ్ల మధ్య కలుపు తీయడానికి ఇప్పటికీ ఎడ్ల గుంటుకే అనువు. దిండు కర్రలో ఇనుప పాసను పట్టే కొయ్యలు వదులైపోయాయి. పెద్దాయనకు చూపు ఆనదు, నా చేతికి బలముంది. ఆయన వేలితో బెజ్జం తడిమి, "గీ పక్క ఇంకింత వాలు గావాలె, లేకుంటే పాస మట్టిల దిగబడ్తది" అని చెబుతుంటే నేను ఉలి పట్టాను. ఆ వాలు ఎంతో ఏ పుస్తకంలోనూ చదవలేదు. నేల మెత్తదా గట్టిదా, ఎడ్లు పొడుగా పొట్టివా అన్నదాన్ని బట్టి ఆయన లెక్క మారుతుంది. 2023లో మొదలైన విశ్వకర్మ పథకం కింద 18 వృత్తులవాళ్లకు 15 వేల రూపాయల దాకా విలువైన పనిముట్లిస్తున్నారు. మంచిదే. కానీ ఈ పెద్దాయన దగ్గర పడుచువాళ్లను ఒక పంటకాలం కూర్చోబెట్టే పథకం కూడా ఉంటే నేను ఇంకా సంతోషిస్తాను.

ఎల్లారెడ్డి నుంచి మెదక్ దారిలో పోచారం. 1916 నుంచి 1922 దాకా ఆలేరు వాగు మీద కట్టిన ఆనకట్ట ఇది. మొన్నటి వరదకు తెగిపోతుందేమోనని కింది ఊళ్లన్నీ వణికిపోయాయి. నూరేళ్లు దాటిన ఆ కట్ట నిలిచింది. పక్కన అడవి ఒకప్పుడు నిజాం వేటకు పోయిన అడవి, 1952 నుంచి అభయారణ్యం. ఇష్టమొచ్చినట్టు అందులో రాత్రి మకాం వేయకూడదు, వేయలేదు కూడా. పగలు చూసి బయటికి వచ్చేశాను. జీవితమంతా పలకలుగానే చూసిన టేకు, నల్లమద్ది వేళ్ల మీద నిలబడి ఉండగా మెడ ఎత్తి చూశాను. నల్లమద్ది బెరడు మీద మొసలి చర్మంలా గళ్లు గళ్లుగా పగుళ్లు. పనివాడు ఏడాదికోసారైనా అడవికి వచ్చి, తన చేతి కిందికొచ్చే చెట్టును నిలువుగా చూడాలి. అలా చూస్తే తుక్కుగా పారేసే ముక్కను కూడా దాచుకుంటాడు. నాగిరెడ్డిపేట వైపు ఒక గుడి ఆవరణలో ఆ రాత్రి గడిపి, పూజారిగారి పీట కాలు సరిచేసి, నిజాంసాగర్ మీదుగా వెనక్కి తిరిగాను.

పల్లెల్లో కర్రపని ఉంది, చేతినిండా ఉంది. అది గడప దాటి పట్నం రాలేదు, పనివాడే దాని దగ్గరికి పోవాలి. డీజిల్ ఖర్చు పోను నాకు కూలి గిట్టింది, తిండికీ పడకకూ పైసా కాలేదు. పంచాయతీలకు నా విన్నపం ఒకటే. రైతువేదిక వరండానో పల్లె ప్రకృతి వనంలో ఒక మూలనో తిరుగుడు పనివాళ్లకు రెండు రాత్రులు విడవండి. నీళ్ల నల్లా, మరుగుదొడ్డి తాళం ఇస్తే చాలు. ఫలానా రోజు వడ్రంగి వస్తున్నాడని ముందే చాటింపు వేయండి. ఇక నా తోటి పనివాళ్లకు: వరి కోతలయ్యాక బయలుదేరండి, ఎండిన కర్ర వెంట తీసుకెళ్లండి, ఊళ్లో అడుగుపెట్టగానే ముందు కారోబార్‌ను కలవండి. ఎల్లారెడ్డి వైపు పోతే ఆ వేపచెట్టు కింద ఒక పూట కూర్చోండి. గుంటుక వాలు గురించి అడగండి, ఆయన చెబుతాడు.